తల్లిగారింటి గంపెడు మన్ను

పెళ్ళయిన మరుసటి ఎండాకాలం, తల్లిగారింటి నుంచి తిరిగి వస్తూ నేను ఒడిబియ్యంతో పాటు గంపెడు మన్ను తెచ్చాను. మా బాపుది కల్వకుర్తి దగ్గరి పల్లె. నన్ను ఇచ్చింది మోత్కూరు వైపు. బండి దిగుతుండగానే మా అత్త గంప మీది తడిగుడ్డ ఎత్తి చూసి నెత్తి కొట్టుకుంది.

“చీరెలు తెచ్చే కోడండ్లను జూసిన, సొమ్ములు తెచ్చే కోడండ్లను జూసిన. మన్ను మోసుకొచ్చిన కోడల్ని నిన్నే జూస్తున్న పిల్లా! మా ఊర్ల మన్నుకు కరువొచ్చిందా?”

నాకు సిగ్గేసింది, దాని వెంటే కోపమూ వచ్చింది. ఆ మన్ను బాపు ఊరికే ఇవ్వలేదు.

ఆ ఏడు మా అత్తగారి ఊళ్ళో దొర లేడు. దొరల మీద తిరగబడ్డ సంఘం బలపడ్డాక తన కోటలాంటి గడికి తాళం వేసుకుని పట్నం పోయాడు. ఆయన గుర్రాలు మేసే బీడును సంఘం వాళ్ళు పంచితే, వాగు అవతలి ఎర్ర చల్క, ఇసుక పాలు ఎక్కువున్న మెట్ట చేను, మా మామ వంతుకు వచ్చింది. బుద్ధెరిగిన నాటి నుంచి మామ ఆ గడిలో జీతగాడు, అంటే పాలేరు. మా కొట్టంలోని పశువుల పెంట కూడా వెట్టి కింద దొర పొలానికే పోయేది. ఇప్పుడు చేతికి భూమి వచ్చినా ఆయనకు కునుకు లేదు. గుర్రాలు తొక్కిన బీడు పండదని ఊళ్ళో అందరూ అనేవాళ్ళు. “పంటొస్తె బతుకుత. రాకుంటె మల్ల గడి జీతమే,” అనేవాడు మామ. మా ప్రాణాలన్నీ ఆ చల్క మీదే ఉండేవి.

నా పెనిమిటి సంఘం పని మీద ఊళ్ళు పట్టుకు తిరుగుతూ ఇంటికి చుట్టపుచూపుగా వచ్చేవాడు. కాబట్టి సేద్యమంతా మా ముగ్గురిదే. మేం వేయబోయింది పల్లి, ఆ ఊళ్ళో ఎవరూ వేసి ఎరగరు. విత్తనం బాపు ఇచ్చి, మన్ను గంపకెత్తుతూ చెప్పాడు: “పాలల్ల ఇంత చల్ల ఏస్తెనే పెరుగైతది బిడ్డా. పల్లి ఎరుగని నేలకు, పల్లి పండిన చేని మన్ను ఇంత కలుపాలె.”

ఈ మాట మామకు చెప్పడమెలా? కోడలు మామ ముందు నోరు విప్పకూడదు. ఏదున్నా అత్తకు చెప్పాలి, అత్త ఆయనకు చెప్పాలి. దారిలో ఆమె తన ఉప్పూ కారం చల్లి మరీ చెప్పేది. “మీ వియ్యంకుడు మన్ను పంపిండు, నెత్తిన పోసుకోమని,” అందట. మామ నవ్వి, విత్తనానికి కలుపుకోనిమ్మన్నాడు.

ఆ ఏడు మా పెంట మా చేలోనే పడింది. మామ పెంట గంప బోర్లించినప్పుడల్లా గడి వైపు ఒకసారి చూసి ముసిముసిగా నవ్వుకునేవాడు. తొలకరికి నేను నీడలో కూర్చుని గింజలకు బాపు మన్ను తడిపి పట్టించాను. అత్త మాత్రం చాటెడు గింజలు వేరే తీసింది. “నా చేతి గింజకు ఎవరి మన్నూ అక్కర్లే,” అని వాగు పక్క సాళ్ళు తానే వేసింది.

కలుపు తీసేటప్పుడు మా కన్ను ఒకటి బాట మీదే ఉండేది, రజాకార్లు వస్తే వాగులోకి ఉరకాలని. అయినా ఆ రోజుల్లో నవ్వినంతగా నేను మళ్ళీ ఎప్పుడూ నవ్వలేదు. తీస్తున్నది మా చేని కలుపు మరి!

ఒక పొద్దున మామ నా సాళ్ళలో ఒక మొక్క పీకి చూశాడు. వేళ్ళ నిండా సజ్జ గింజలంత బుడిపెలు. అత్త సాళ్ళలో పీకితే వేళ్ళు నున్నగా, తెల్లగా ఉన్నాయి.

“నా గింజలు కడిగిన ముత్యాలు. ఆ మన్నుతోటే రోగమొచ్చింది,” అంది అత్త.

మామ ఆ మాట నమ్మాడు. ఇంకా అదను ఉండగానే చేను దున్నేసి ఉలవలు వేస్తానని అత్తతో అన్నాడు. అవి రోగం కాదని నేను రాత్రి అత్త చెవిలో ఇల్లు కట్టుకుని చెప్పాను. ఆమె ఆ మాట మామ దాకా మోయలేదు.

తెల్లారేసరికి మామ నాగలి కట్టాడు. నేను పరుగెత్తుకెళ్ళి ఎడ్లకు అడ్డం నిలబడ్డాను. మామతో మాట్లాడకూడదు కదా, కొంగు సవరించుకుని దాపటి ఎద్దు ముఖం చూస్తూ మొదలుపెట్టాను.

“ఓ ఎద్దా, జర ఆగు. గవి రోగం గాదు. చిదిమి చూడు, లోపట ఎర్రగుంటది. మా బాపు చేన్ల గవి లేకుంటెనే ఫికరు చేస్తరు. ఒక్క వాన దాక ఓపిక పట్టు, ఆకు నల్లపచ్చగైతది.”

మామ నాగలి వదిలాడు. వంగి ఒక మొక్క పీకి, బుడిపెను గోటితో చిదిమాడు. బొటనవేలికి ఎరుపు అంటింది. దాన్ని చూసి, ఆయనా ఎద్దుకే చెప్పాడు.

“ఎద్దా, ఆ పిల్లకు చెప్పు, వాన దాక ఆగుత. గప్పటికి ఆకు నల్లగ గాకుంటె దున్నుత.”

వెనకే వచ్చిన అత్త ఇదంతా విన్నది. “మీరు మీరు మాట్లాడుకుంటె నడుమ నేనెందుకు?” అని విరుచుకుపడింది.

“మామతో మాట్లాడలే అత్తమ్మా, ఎద్దుతోటే మాట్లాడిన,” అన్నాను. మామ మొహం అటు తిప్పుకున్నాడు, భుజాలు మాత్రం నవ్వుతో ఊగుతున్నాయి.

వాన పడింది. నా సాళ్ళు నల్లటి పచ్చదనంతో గుబురెక్కాయి. వాగు పక్క సాళ్ళు పాలిపోయాయి. “నీ ముత్యాలకు కామెర్లయినయే,” అని మామ ఆటపట్టిస్తే అత్త కొన్నాళ్ళు వాగు పక్కకే పోలేదు.

వ్యవసాయం చదివిన మా మనవరాలు మొన్న అదే చల్కలో పల్లి చెట్టు పీకి నాకు పాఠం చెప్పింది. ఆ బుడిపెల్లో కంటికి కనబడని జీవులు కాపురముంటాయట. గాలిలోని నత్రజనిని పట్టి మొక్కకు పెడతాయట, మొక్క వాటికి తన తీపి పెడుతుందట. వేళ్ళ చుట్టూ మట్టిలో ఉండే ఇలాంటి జీవులకు, పెంట వేసి పంట మార్చి వేసే నేల అంటే ప్రాణమట. ఏటా ఒకే పంట వేసి, చెత్త కాల్చి, ఉత్తగా ఎండబెట్టిన నేలలో తగ్గిపోతాయట. నేను పగలబడి నవ్వాను. గంపెడు మన్నని మా అత్త తిట్టింది గానీ, నేను లెక్కలేనంత మంది చుట్టాలను బండెక్కించి తెచ్చాను! వాళ్ళకు వండిపెట్టే పని లేదు, వాళ్ళే మాకు పెట్టారు. అత్త ఉంటే ఈ మాట చెప్పి ఉడికించేదాన్ని.

ఆ ఏడు పల్లి పీకే నాటికి నిజాం మీదికి యూనియన్ సైన్యం వచ్చింది. రజాకార్ల పీడ పోయిందని ఊరంతా సంబరం. ఆ సంబరంలోనే గడి తలుపులూ తెరుచుకున్నాయి, దొర తిరిగొచ్చాడు. మేం చేలో కుప్ప చుట్టూ కూర్చుని కాయలు తెంపుతుంటే గడి గుమాస్తా గొడుగు వేసుకుని వచ్చాడు. గడి మనిషి కనబడితే లేచి నిలబడాలి, తలగుడ్డ తీసి చంకలో పెట్టుకోవాలి. అత్త చేతులు ఆగిపోయాయి.

“దొర వచ్చిండు. రేపటి సంది జీతానికి రమ్మన్నడు,” అన్నాడు గుమాస్తా.

మామ ఒక కాయ ఒలిచి గింజలు నోట్లో వేసుకున్నాడు. నిదానంగా నమిలాడు. తలగుడ్డ మీదికి చెయ్యి పోలేదు.

“నాకు తీరదని చెప్పు. నా చేన్ల ఎవుసం ఉన్నది,” అన్నాడు.

అత్త మళ్ళీ కాయలు తెంపడం మొదలుపెట్టింది, నేనూ తెంపాను. గుమాస్తా వెనుదిరిగి వాగు దాటేదాకా మాలో ఒక్కరం కూడా లేవలేదు.