రాజమణి కడుపులోని నీరు

1962లో మక్తల్ వైపు చేనేత కుటుంబాల జీవనంపై సర్వే చేస్తున్నప్పుడు నాకు రాజమణి తెలిసింది. ఆమె నలభై నాలుగేళ్ల వితంతువు. పడుగు నూలుకు పట్టించే గంజిని వీధి మొత్తానికీ ఆమే కాచేది. మంట చెదరకూడదని గంజి కాచే కొట్టానికి కిటికీ పెట్టలేదు. ఇరవై రెండేళ్లు ఆమె కందికట్టె పొగలోనే నిలబడింది.

ఆ ఏడు ముందుగా పాదాలు వాచాయి. తరువాత కడుపు పెరిగింది. భర్త పోయి ఆరేళ్లయిన ఆడదానికి కడుపు రావడమేమిటని కులపెద్ద సీతారాములు ఆమె గంజి ఎవరూ ముట్టవద్దన్నాడు. మగవాడి పేరు చెప్పి తప్పు ఒప్పుకుంటే పని తిరిగి ఇస్తామన్నారు. ఆమెకు వేరే బతుకుతెరువు లేదు. చెప్పడానికి పేరూ లేదు.

నిప్పు అడిగే నెపంతో ఆడవాళ్లు వచ్చి ఆమె చీరకుచ్చిళ్ల వైపు చూసిపోయేవారు. ఒకామె ఎన్నో నెలో కూడా చెప్పింది. నల్లబడిన పెదవులు, ఉబ్బిన పాదాలు ఒక్కరి కంటికీ ఆనలేదు.

నేను ఆమెను జిల్లా ఆసుపత్రిలోని డాక్టర్ నిర్మలమ్మ దగ్గరకు తీసుకెళ్లాను. డాక్టరు కాలి ముందు ఎముకపై బొటనవేలితో నొక్కితే పడిన గుంట చాలాసేపు పూడలేదు. తల ఎత్తి పడుకోబెట్టినా మెడ నరం ఉబ్బే ఉంది. కుడి పక్కటెముకల కింద నొక్కగానే రాజమణి విలవిలలాడింది, ఆ నరం మరింత పైకి లేచింది. గుండె ఎడమ భాగం అలసితే నీరు ఊపిరితిత్తుల్లో చేరుతుందని, కుడి భాగం అలసితే రక్తం వెనక నిలిచిపోయి కాలేయం బరువెక్కుతుందని, కాళ్లలో, కడుపులో నీరు దిగుతుందని ఆమె వివరించారు. ఇది రెండో రకం. పొగ వల్ల మొదట ఊపిరితిత్తులు చెడ్డాయి. వాటిలోకి రక్తాన్ని నెట్టీ నెట్టీ కుడి గుండె ఓడిపోయింది.

"గా ముచ్చట జర కాయితం మీద రాసియ్యుండ్రి, డాక్టరమ్మా. వాండ్లకు సూపిస్త," అంది రాజమణి.

మూడు వారాలు ఆసుపత్రిలో మాత్రలు, నీరు తీసే సూదులు ఇచ్చారు. కడుపు తగ్గింది. బస్సు దిగీ దిగగానే ఆమె కాగితంతో సీతారాములు ఇంటికి వెళ్లింది. అతడు దాన్ని అందుకోలేదు. ఆమె నడుము వైపు చూసి, అరుగు మీదివాళ్లతో తాపీగా అన్నాడు.

"సూడుండ్రి. నిండుగ పోయింది, ఖాళీగ వచ్చింది. దవాఖానల గిదే గదా చేసేది."

పుట్టింది ఆడో మగో అని అరుగు మీదినుంచి ఎవరో అడిగారు. అందరూ నవ్వారు.

"నా కాళ్లు గూడ వాచినయ్ గదా, బావా," అంది రాజమణి. "కాళ్లల్ల గూడ పిల్లలుంటరా?"

పని తిరిగి ఇవ్వలేదు. బస్సెక్కే స్తోమత లేక మాత్రలు ఆగిపోయాయి. మరుసటి వానాకాలానికి కడుపు మళ్లీ పెరిగింది. ఈసారి మగవాడెవరో పట్టుకోవడానికి కులపెద్దలు ఆమె ఇంటి ముందు కాపలా పెట్టారు. ఆ కాపలా ఉండగానే రాజమణి చనిపోయింది.