అత్తగారి షార్ట్‌కట్

"ఓకే కొట్టమంటే ఏంటమ్మా నీ గోల? ఆస్పత్రివాళ్లు నా ప్రాణం తోడేస్తున్నారు!"

"తోడనివ్వండి సార్. జాబితాలో లేని రోగిని ఏ డాక్టరూ వెళ్లి చూడడు. వాడి ప్రాణం సంగతేంటి?"

అద్దాల గది తలుపు సరిగ్గా పడదు. మేనేజరూ అత్తగారూ అరుచుకుంటుంటే హాలంతా వింటోంది. అత్తగారంటే నాకు పిల్లనిచ్చినావిడ కాదు. ఎవరు కోడ్ రాసినా వంక పెట్టే మా సీనియరు. ఆ పేరు ఎవరు పెట్టారో గానీ, ఇప్పుడు ఆవిడే ఫోనెత్తి "అత్తగార్ని మాట్లాడుతున్నా" అంటుంది.

ఇవాళ్టి గొడవ నా కోడ్ గురించే. మేం తయారుచేసేది డేటాబేస్. అడిగిన ప్రశ్నకి జవాబు త్వరగా దొరికే దారి వెతికే భాగాన్ని ఆప్టిమైజర్ అంటారు. ఓ ఆస్పత్రి "రక్తపరీక్ష రిపోర్టు వచ్చినా రాకపోయినా రోగులందర్నీ చూపించు" అని అడిగితే, ఆప్టిమైజర్‌లోని ఒక షార్ట్‌కట్ రిపోర్టు రానివాళ్లని ఎగ్గొట్టేస్తోంది. నేను ఆ ప్రశ్న అటు పోకుండా అడ్డుకట్ట వేశాను. టెస్టులన్నీ పాసయ్యాయి, ఇక అత్తగారు ఓకే కొడితే ఆస్పత్రికి పంపడమే. కాలేజీ మధ్యలో మానేసినవాణ్ణి కదా, పాస్ అన్న మాట కనబడితే పొంగిపోతాను.

అత్తగారు బయటికొచ్చి నా పక్క కుర్చీలో కూలబడింది. కళ్లద్దాలు తీసి కళ్లు నులుముకుంది.

"ఇటు చూడరా అబ్బాయ్."

అదే ప్రశ్నని ఇంకో ప్రశ్న లోపల పెట్టి, షార్ట్‌కట్ ఆపి ఒకసారి, ఆపకుండా ఒకసారి నడిపింది. రెండోసారి జాబితాలో మళ్లీ రోగులు తగ్గారు.

"వీధి తలుపు మూశావు. పెరటి తలుపు బార్లా తీసుంది."

"అక్కడా ఓ అడ్డు పెడతా మేడమ్."

"ఎన్నిచోట్ల పెడతావు? షార్ట్‌కట్టే తప్పు. మొత్తం పీకెయ్యాలి."

"మరి స్పీడు?"

"పోతుంది. తప్పు జవాబు తొందరగా చెప్పి ఎవర్ని ఉద్ధరిద్దామని?"

అసలు ఈ దరిద్రం రాసిన మహానుభావుడెవరా అని పాత మార్పుల చరిత్ర తెరిచాను. పక్కన కూర్చున్నావిడే. కొత్తగా చేరినవాళ్లకి మేనేజరు గొప్పగా చూపించేదీ ఈ షార్ట్‌కట్‌నే. గబుక్కున ఆ పేజీ మూసేశాను.

"చూశావుగా," అంది, చల్లారిన టీ పక్కకి జరుపుతూ. "మా అమ్మాయి చంటిపిల్లప్పుడు రాశా. దాన్ని భుజాన వేసుకుని, ఒక చేత్తో జోకొడుతూ, ఒక చేత్తో టైపు చేస్తూ. పొద్దున్నుంచీ తీసేద్దామని తెరుస్తున్నా, మూసేస్తున్నా. చెయ్యి రావట్లేదు."

కీబోర్డు నా వైపు తోసింది.

"నువ్వు తియ్యరా. నా మొహం చూసి ఒక్క లైను కూడా మిగల్చకు. తీశాక పిలువు, వంకలు నేను పెడతా."