ఉప్పుడబ్బాలో మెమరీ కార్డు

పలాస పాసింజరు విశాఖలో పొద్దున ఆరు దాటాక కదిలింది. నా సంచిలో ఉన్నవి మూడే: పాత లాప్‌టాపు, కార్డు రీడరు, ప్యాకెట్టు విప్పని కొత్త మెమరీ కార్డు. ఇరవయ్యేళ్లుగా ఒకే కంపెనీ కార్డులు ఉత్తరాంధ్ర షాపులకి వేస్తున్నవాణ్ణి. టెక్కలిలో సెల్లు షాపు నడిపే భాస్కరరావు ముందురోజు ఫోన్ చేశాడు.

"మావా, అక్కుపల్లి నుంచి నూకమ్మని ఒకామె వొచ్చింది. సచ్చిపోయిన మొగుడి పాట మీ కార్డులో ఉందట, పలకట్నేదట. కార్డు ఇంటికాడ ఉంచీసి ఖాళీ ప్యాకెట్టు పట్టుకొచ్చింది. కంపెనీ మనిషొత్తేనే సూపిత్తాదట."

ప్యాకెట్టు మీద జీవితకాలం గ్యారంటీ అని మేమే వేశాం మరి. అమ్మినవాణ్ణి నేను, వెళ్లక తప్పుతుందా?

ఆమదాలవలసలో ఒకామె ఎక్కి నా ఎదురుగా కూర్చుంది. పలాసలో జీడిపిక్కలు కొట్టే పనట, వేళ్లు జీడిరసానికి నల్లబడి ఉన్నాయి. నా చేతిలో కార్డు ప్యాకెట్టు చూసి, "ఏటి బాబూ ఆ సిన్న బిళ్ల?" అంది. నా నోరు ఊరుకోదు కదా, కంపెనీ చరిత్రంతా విప్పాను. మొదట్లో కెమెరాల కోసం అగ్గిపెట్టెంత కార్డు చేశారు, ఆ దెబ్బకి ఫొటో రీళ్లు పోయాయి. తర్వాత పెన్‌డ్రైవు వచ్చి ఫ్లాపీని మింగేసింది. ఆ తర్వాత సెల్‌ఫోన్లో పెట్టే గోరంత కార్డు, మాకు అన్నం పెట్టింది అదే. ఇప్పుడు ఫోన్లలో కార్డు పెట్టే సందే తీసేస్తున్నారు. మా కంపెనీని ఇంకో పెద్ద కంపెనీ కొనేసింది, కంప్యూటర్లలో పెట్టే డిస్కుల మీద పడ్డారు.

ఆమె అంతా విని, "ఇన్ని సేసినోరు, పాడవకండా ఉండీది సెయ్యనేదేటి?" అంది. ఒళ్లు మండి, ప్యాకెట్టు సంచిలో పడేశాను.

పదిన్నరకి పలాసలో దిగాను. కాశీబుగ్గలో ఇడ్లీ తిని, వజ్రపుకొత్తూరు వైపు షేర్ ఆటో ఎక్కాను. వెళ్లేవాళ్లు పొద్దున్నే వెళ్లండి, ఎండెక్కితే ఆటో నిండేదాకా కదలదు. దారిపొడుగునా జీడితోటలు, కొబ్బరితోటలు. పక్కన కూర్చున్న పెద్దాయన చేతికి కట్టు, డయాలసిస్ చేయించుకుని వస్తున్నాడు. ఊరూరా కిడ్నీల జబ్బున్న ఈ ఉద్దానం ప్రాంతంలో ఆ కట్టు గురించి ఎవరూ అడగరు.

అక్కుపల్లిలో దిగి నూకమ్మ ఇల్లు కనుక్కుని వెళ్లాను. ఆమె మొగుడూ ఆ కిడ్నీల జబ్బుతోనే పోయాడట. అక్కుపల్లి ఒడ్డున పెద్దవల లాగేటప్పుడు ఒకడు పాట ఎత్తుకుంటే మిగతావాళ్లు అందుకుంటారు. ఎత్తుకునేది ఆయనే. జబ్బు ముదిరి తాడు పట్టలేని రోజుల్లో అరుగు మీద కూర్చుని ఆ పాటంతా ఫోన్లోకి పాడాడు. ఫోను ఎప్పుడో పాడైంది, కార్డు మిగిలింది.

నూకమ్మ లోపలికెళ్లి ఉప్పుడబ్బా తెచ్చి, మోచేతిదాకా చెయ్యి పెట్టి వెతికింది. ఆమె వేళ్ల మధ్య ఉప్పంటిన మా కార్డు బయటికొచ్చింది.

"ఇదేటమ్మా, ఉప్పులో?"

"సేప పాడవకండా ఉప్పులోనే కదా ఏత్తాం బాబూ. ఇది మరీ సిన్నదని బాగా అడుక్కి పెట్టినాను."

సముద్రపు గాలికి ఉప్పంతా చెమ్మగా ఉంది. కార్డు వెనక బంగారు గీతలు పచ్చగా చిలుము పట్టాయి. సంవత్సరీకం నాడు తీసి తమ్ముడి ఫోన్లో పెడితే పలకలేదట, మళ్లీ ఉప్పులోనే పెట్టేసింది.

"ముందే ఏ షాపులోనైనా ఇంకో కార్డులోకి ఎక్కించుకోకపోయావా?" అని విసుక్కున్నాను.

"ఎదురింటోళ్లు అలాగే ఇత్తే, షాపోళ్లు ఉన్నదంతా తుడిసీసి సినిమా పాటలు నింపీసినారు. అందుకే ఎవులికీ ఇవ్వనేదు." ఉప్పుడబ్బా మూత పెడుతూ, "ఆయన మొఖం గేపకముంది బాబూ. గొంతు మరిసిపోతన్నాను," అంది.

నా రీడరులో కార్డు ఉన్నట్టే తెలియలేదు. ఆమెని వెంటబెట్టుకుని కాశీబుగ్గ వచ్చి టెక్కలి బస్సెక్కాను. దారంతా ఆమె కార్డుని ఉప్పు పొట్లంలో పెట్టి, ఆ పొట్లం కొంగున ముడేసుకుని కూర్చుంది. 

భాస్కరరావు కార్డుని భూతద్దం కింద పెట్టి, పైపొర గీకి, సన్నటి తీగలు అతికించి చూశాడు. మూడు దాటింది. నూకమ్మ స్టూలు అంచున కూర్చుని మా ఇద్దరి మొహాలూ మార్చిమార్చి చూస్తోంది. చివరికి వాడు అద్దం పక్కకి తోసి, "లాభం నేదు మావా, ఉప్పునీరు లోపలికంటా తినీసింది," అన్నాడు.

సంచిలోంచి కొత్త కార్డు తీశాను. పాతది కంపెనీకి పంపేస్తే కొత్తది ఇస్తాం, గ్యారంటీ అంటే అదే. నూకమ్మ కొత్త ప్యాకెట్టుని అటూ ఇటూ తిప్పి చూసింది.

"ఇందులో ఆయనుంటాడేటి?"

నేను తల అడ్డంగా ఊపాను. ఆమె దాన్ని బల్లమీద పెట్టేసి, గీకిపోయిన పాత కార్డు తీసుకుని, కొంగుముడి విప్పి మళ్లీ ఉప్పులో పెట్టుకుంది.

"ఉప్పులో వద్దమ్మా," అన్నాను.

"మరెక్కడ దాయమంటావు, సెప్పు బాబూ," అంది. వెక్కిరింపు కాదు, నిజంగానే అడిగింది.

ఆమెని కాశీబుగ్గ బస్సెక్కించి, నౌపడ స్టేషనుకి ఆటోలో వచ్చాను. సాయంత్రం పాసింజరు ఖాళీగానే వచ్చింది. ఈ దారిన వచ్చేవాళ్లకి తోటలు బాగుంటాయి, సముద్రం బాగుంటుంది, పలాసలో జీడిపప్పు కొనుక్కోండి. నాకు మాత్రం ఏడుపొక్కటే మిగిలింది. కార్డు, పెన్‌డ్రైవు, డిస్కు అని మా కంపెనీ చేసినవన్నీ ఒక్కొక్కటే తలుచుకున్నాను. శ్రీకాకుళం రోడ్డు దాటింది, విజయనగరం దాటింది, నూకమ్మకి చెప్పదగ్గ చోటు ఒక్కటీ తోచలేదు.