ఆదివారాల షార్టేజీ

1979లో విశాఖపట్నం రేవులో నేను పోగొట్టుకున్నవి ఇవి: ఒంట్లో ఆరు కిలోల బరువు, ఒక చేతిగడియారం, రాబోయిన పర్మనెంటు ఉద్యోగం, మా అమ్మాయి చర్చిలో మొదటిసారి వాక్యం అప్పజెప్పిన పొద్దు, జూన్ నుంచి అక్టోబరు దాకా ఇరవై రెండు ఆదివారాలు. గడియారం నీళ్ళలో పడింది, దాని సంగతి వదిలేయండి. మిగిలినవన్నీ ఎవరో ఒకరు అడిగితే ఇచ్చినవే.

నేను టాలీ క్లర్కుని. ఓడలోంచి దిగే సరుకును లెక్కపెట్టడమే టాలీ. ఓడ మీది వించి, అంటే సరుకెత్తే యంత్రం, తాళ్ళతో కట్టిన బస్తాలను కట్టలు కట్టలుగా ఒడ్డుకు దించుతుంది. ఆ కట్టను స్లింగు అంటారు. స్లింగుకో సుద్దగీత, నాలుగు గీతల మీద అడ్డంగా ఐదోది. మొదటిదాన్ని మేం ఒకటి అనం, లాభం అంటాం. ఓడవాళ్ళ లెక్కా ఒడ్డు లెక్కా కలవకపోతే, తగ్గినదానికి షార్టేజీ అని పేరు. ఎనిమిదో తరగతి దాటని నాకు లెక్కలు ఏ మాస్టారూ నేర్పలేదు, బస్తాలే నేర్పాయి. నా దగ్గర షార్టేజీ రాదని రేవులో పేరుండేది. పేరున్నవాడి నెత్తి మీదే పని పడుతుందని అప్పటికి తెలియదు.

"ఈ సీజను దాటించేయండి ప్రకాశం గారూ. పర్మనెంటుకి మీ పేరే పంపిస్తాను, ఆయ్," అన్నారు మా సూపర్‌వైజరు మూర్తి గారు. ఆయనది గోదావరి జిల్లా, మాట తీపి. ఆ మాట మీద డబుల్ డ్యూటీలు మొదలుపెట్టాను. ఎరువుల ఓడ వెళితే గోధుమల ఓడ, అది వెళితే మళ్ళీ ఎరువులు. సీజను దాటలేదు.

రేవు వదిలితే చర్చి పట్టుకునేది. లెక్కలు తెలిసినవాడినని కానుకల లెక్క, సండేస్కూలు, పాటల బృందం, సమాధుల తోట గోడ కమిటీ నాకే అప్పగించారు. కాదనడం అవిశ్వాసం అనిపించేది. పడుకున్నా బస్తాలే దిగేవి.

"ఏటండీ, నిద్దర్లో లాభం, రెండు, మూడు అంటన్నారు?" అంది ఒక పొద్దున్న నా భార్య సుగుణ. "ఇంట్లో ఉన్నది ముగ్గురం. మమ్మల్ని లెక్కెట్టండి ఓపాలి, ఉన్నామో లేదో తెలుత్తాది."

అక్టోబరు ఆఖరి ఆదివారం, డబుల్ డ్యూటీ దిగి తిన్నగా చర్చికి వెళ్ళాను. ఆ రోజు ప్రభు బల్ల, అంటే రొట్టె, ద్రాక్షరసం పుచ్చుకునే ఆరాధన. జనాన్ని వరసల్లో పంపడం నా పని. మొదటి వరస వచ్చి మోకరించింది. "లాభం," అన్నాను, పైకే. జేబులోంచి సుద్దముక్క తీసి బల్ల ముందున్న చెక్క కమ్మీ మీద గీత పెట్టాను. ఐదో వరసకు అడ్డగీత కొట్టేసరికి ద్రాక్షరసం గిన్నె పట్టుకున్న పాస్టరు అయ్యగారు ఆగిపోయారు.

ఆరాధన అయ్యాక పిలిచారు. "ప్రభు బల్లనుకున్నావా, ఓడలాగే బెర్తనుకున్నావా?"

"అలిసిపోయానండి అయ్యగారూ."

"విశ్వాసికి అలుపేటి నాయనా? నీకు ప్రార్థన తగ్గింది. మూడు రోజులు ఉపవాసం ఉండు."

ఖాళీ గోనెను ఇంకా దులపమన్నట్టుంది. అయినా ఉన్నాను.

రెండో రోజు పొద్దుటి షిఫ్టు. వించి మీద రహీం భాయ్, పాతూరి మనిషి, నేను రేవులో చేరిన నాటి నుంచీ స్నేహితుడు. నా సుద్దముక్క జారి దొర్లింది. వేలాడే స్లింగు కిందికి పోకూడదన్నది రేవులో మొదటి పాఠం. నేను పోయాను. రహీం భాయ్ బ్రేకు తొక్కాడు. నా తల మీద జానెడు ఎత్తులో స్లింగు ఆగింది. చినిగిన బస్తాలోంచి ఎరువు నా మెడ మీదికి కారిపోయింది.

అతను నిచ్చెన దిగి వచ్చాడు. "సావాలనుందా ఏటి బావా? ఉంటే ఇంకెక్కడైనా సూసుకో. నా వించి కింద ఒద్దు, నాను పిల్లలుగలోణ్ణి."

"సుద్దముక్క పడిపోయింది భాయ్."

"ఏటి తిన్నావు?"

"ఉపవాసం."

"ఎందుకు?"

"అలుపు పోడానికి."

"యా అల్లా! మా రోజాకైనా పొద్దుగూకితే తిండుంటాది. సుక్కురోరం నమాజుకి నాను వించి దిగితే ఓడేటైనా మునిగిపోతందా? అందరూ ఆగుతారే. నీ ఆదివారం ఏటయ్యింది?"

బస్తాల చాటున టిఫిను విప్పి రొట్టె, పప్పు పెట్టాడు. టార్పాలిను పరిచి "తొంగో" అన్నాడు. కాసేపటికి లేపి టీ, బన్ను ఇచ్చి మళ్ళీ పడుకోబెట్టాడు. ఒక్క బోధ చెయ్యలేదు.

మూర్తి గారు పరుగెత్తుకొచ్చారు. "వించి ఎందుకాగిందండీ?"

"టాలీ లేకుండా హుక్కు ఎత్తొద్దని తమరే అన్నారు సార్," అన్నాడు రహీం భాయ్. "టాలీ తొంగున్నాడు."

నా బదులు ఇంకో క్లర్కును తెచ్చారు. పర్మనెంటుకి వెళ్ళిన పేరు అతనిది. నాకు ఇంకో మూడేళ్ళు పట్టింది.

ఎడారిలో పొద కింద కూలబడి చావు కోరుకున్న ప్రవక్త కథ నేను సండేస్కూల్లో ఎన్నిసార్లో చెప్పాను. దేవుడు ఆయన్ని గద్దించలేదు. రొట్టె, నీళ్ళు, నిద్ర. మళ్ళీ రొట్టె, నీళ్ళు. పిల్లల చేత రంగులు కూడా వేయించాను. నా దగ్గరికొచ్చేసరికి ఆ పొదా రొట్టే గుర్తుకు రాలేదు. నా మీద నాకే ఒళ్ళు మండింది.

ఆ వారమే అయ్యగారికి మూడు పనులు అప్పగించేశాను, పాటలొక్కటే ఉంచుకున్నాను.

"మరి ప్రభువు పని ఎవులు చేస్తారు?"

"ఆరు రోజుల్లో లోకమంతా చేసి, ఏడో రోజు ఆయనే ఆగాడు కదండీ. నేను ఆయనకన్నా గట్టివాణ్ణా?"

చాలా రోజులు నా వందనానికి ఆయన తల ఊపలేదు. గోడ కమిటీ నేనున్నప్పుడూ గోడ కట్టలేదు, నేను మానేశాకా కట్టలేదు. విశ్రాంతి పనయ్యాక దొరికే బహుమానం అనుకునేవాణ్ణి. అది ఆజ్ఞ. రేవులో పని ఎప్పటికీ అవ్వదు, ఆజ్ఞ మాత్రం ప్రతి వారం వస్తుంది.

పోయిన ఆదివారాలన్నీ తీర్చేస్తానని సుగుణతో అన్నాను.

"ఎలాగ తీరుత్తారు? వచ్చే ఆదివారం వచ్చే వారానిది. పాతదాన్లో జమెలాగేత్తారు?"

ఎన్ని రకాలుగా వేసినా ఆమె లెక్కే సరిపోయింది. ఆ తర్వాత రేవుకు ఒక్క ఆదివారం ఇవ్వలేదు. ఇచ్చేసినవి వెనక్కి రాలేదు. ఇవాళ్టికీ షార్టేజీ ఇరవై రెండు.