నేరేడు రంగు కారుకు చివరి పూత

ఈ నాలుగు మాటలు నేను ఇప్పుడే రాయాలి. ఆషాఢం గాలి లేచాక రాసినా ఉపయోగం ఉండదు. రాప్తాడు హైవే పక్కన రేకుల షెడ్డులో బొమ్మ కార్లకు రంగు వేసే మా చాచా పోయిన శుక్రవారం చనిపోయారు. ఆయన పూర్తి చేయకుండా వదిలిన కారు ఒకటి నా దగ్గర ఉంది. అది ఎవరిదో నాకు తెలియదు. ఆ కారు ఇచ్చినామె ఈ పత్రికలో ఈ పేజీ చదువుతుందన్న ఆశతో రాస్తున్నాను.

కబురు మా నాయన తెచ్చాడు. నేను డిగ్రీ ఆఖరి పరీక్షకు చదువుకుంటున్నాను. నాయన పంక్చర్ షాపు నుంచి చేతులకు గ్రీజుతోనే వచ్చి గడపలో నిలబడి, "పాపా, మీ చాచా పోయినాడు" అన్నాడు. నేను పుస్తకం మూయలేదు. మూస్తే ఆ మాట నిజమైపోతుందని భయం వేసింది.

చాచా మాకు చుట్టం కాదు. నాయన షాపు, ఆయన షెడ్డు ఒకే గోడకు అటూ ఇటూ ఉంటాయి, అంతే. ఎన్నో ఏళ్లు లారీలకూ జీపులకూ రంగు వేసి, మోకాళ్లు మొరాయించాక అరచేతిలో పట్టే కార్లకు దిగారు. తమ ఇంట్లో ఒకప్పుడు ఉన్న కారును పోలిన బొమ్మను జనం వెతికి తెచ్చి, దానికి తమ కారు రంగే కావాలని అడిగేవాళ్లు.

నేను ఎనిమిదో తరగతిలో ఉండగా ఆయన గోడ మీదుగా పిలిచారు. రంగు మీద ఆఖరున మెరుపుకు వేసే క్లియర్ డబ్బా వెనక ఇంగ్లీషులో ఏముందో చదివి చెప్పమన్నారు. మా ఇంట్లో అక్షరం ముక్క వచ్చినదాన్ని నేనొక్కదాన్నే. కూడబలుక్కుంటూ చదివాను. పూత ఆరడానికి ఒక రోజు పడుతుందని ఉంది. ఆయన నవ్వి, "అది రాసినోడు మన అనంతపురం ఎండ సూసినాడా పాపా? ఒక పూట సాలు" అన్నారు. ఆ రోజు నుంచి డబ్బాలు చదవడం నా పని అయింది. చదువుతూ చదువుతూ రంగు చిమ్మే గన్ను పట్టుకోవడం నేర్చుకున్నాను.

ఆ గన్ను పెన్నంత ఉంటుంది. దూరంగా పట్టుకుంటే రంగు గాలిలోనే ఆరి, కారు మీద చీనీకాయ తొక్కలాగా గరుకుగా పడుతుంది. దగ్గరగా పట్టుకుంటే కన్నీటి చారలాగా కారుతుంది. ఆ రెంటికీ మధ్య బెత్తెడు దూరంలో చెయ్యి ఆగకుండా పోవాలి. పలుచగా ఒక పూత వేసి, ఆరనిచ్చి, నీళ్లలో నానబెట్టిన గరుకు వాటర్ పేపర్‌తో రుద్ది, మళ్లీ వేయాలి. చివర క్లియర్ వేసి మెరుగు పెట్టాక చాచా కారును వాకిట్లోకి తెచ్చేవారు. దాని పైకప్పులో మా షెడ్డు మీది కరెంటు తీగ వంకర లేకుండా కనబడితేనే ఆ కారును గుడ్డలో చుట్టేవారు. వంకర కనిపిస్తే మొదటికే.

మా నేల మీద దుమ్ముదే రాజ్యం. లారీ పోతే దుమ్ము, గొర్రెలు పోతే దుమ్ము. అందుకే క్లియర్ వేసే రోజు ఆయన తెల్లవారి నమాజు ముగించుకుని, గాలి లేవకముందే షెడ్డుకు వచ్చేవారు. తలుపుకు తడి గోనెపట్టా కట్టి, నేల మీద నీళ్లు చిలకరించేవారు. నీళ్ల ట్యాంకరు రాని వారం ఆయన భార్య, మా చాచీ, తాగే బిందెలోంచి ఒక చెంబు ఇచ్చేది. అది ఇస్తూ, "మాకు లేకున్నా మీ బొమ్మకు తాపండి" అని దెప్పేది. ఇవ్వని రోజు మాత్రం లేదు.

పోయిన ఏడాది ఆయన నన్నొక్కదాన్నే ఒక నల్ల బొమ్మ జీపుకు క్లియర్ వేయమని వదిలారు. దుమ్ము పడుతుందేమోనన్న భయంతో చెంబు నీళ్లకు బదులు రెండు బిందెలు పోశాను. షెడ్డంతా చెమ్మ. పూత వేసిన కాసేపటికి నల్ల జీపు మీద పాలు చల్లినట్టు తెల్లగా మంచు కమ్మింది. చెమ్మలో క్లియర్ అలా చెడిపోతుందని డబ్బా మీదే ఉంది. చదివినదాన్ని నేనే. ఆ తడి నేల మీదే కూర్చుండిపోయాను.

చాచా వచ్చి నేల చూశారు, జీపు చూశారు, నన్ను చూశారు. "దుమ్ముకు బయపడి నీళ్లు పోసినావు. రేపు నీళ్లకు బయపడి దుమ్ము పోస్తావా?" అన్నారు. అంతకు మించి ఒక్క మాట తిట్టలేదు. రెండు రోజులు కూర్చుని నాతోనే అంతా రుద్దించి, మళ్లీ వేయించారు. అప్పుడే చెప్పారు, "బయం కడుపులో ఉండనీ పాపా, వేలి కొనకు రానీకు" అని.

దగ్గు ఆయనకు నేను ఎరిగినప్పటి నుంచీ ఉంది. ముఖానికి తువ్వాలు తప్ప ఏదీ కట్టేవారు కాదు. అనంతపురం నుంచి మాస్కు కొనుక్కొచ్చి ఇస్తే దాన్ని నా చేతిలోనే పెట్టి, "నా ఊపిరికి ఎప్పుడో రంగు పడిపోయినాది, నువ్వు కట్టుకో" అని నవ్వారు. నేనూ నవ్వాను. ఎందుకు నవ్వానా అని ఇప్పుడు అనిపిస్తుంది.

ఆయన ఎవరి పేరూ రాసుకునేవారు కాదు. ప్రతి కారునూ దాని గుడ్డలో చుట్టి అలమరలో పెడతారు. మనిషి గుమ్మంలోకి రాగానే ఆ మూటే తీస్తారు. నేను రాసి పెడతానని ఒకసారి అడిగితే, "పేరు రాసుకుంటే ముకం సూడబుద్ది కాదు" అన్నారు. నేను ఊరుకున్నాను. రాయడం వచ్చినదాన్ని పక్కనే ఉండి, ఊరుకున్నాను.

ఆయన పోయాక చూస్తే అలమరలో ఒకటే మూట మిగిలింది. అందులో అంబాసిడర్ బొమ్మ, దాంతో పాటు అగ్గిపెట్టెలో గోరంత రేకుముక్క దొరికాయి. అమ్మా, మీరు దీన్ని ఇవ్వడానికి వచ్చిన రోజు నేను కాలేజీలో ఉన్నాను. చాచా చెప్పింది ఇంతే. మీరు పుట్టపర్తి బస్సు దిగి వచ్చారు. ఆ రేకుముక్క మీ నాయన కారుది, రంగు పోల్చుకోవడానికి తెచ్చారు. మీ అమ్మగారికి చూపు పోయింది. ఆమె ప్రతి పొద్దునా ఆ కారును కొంగుతో తుడిచేది. ఇక ఈ బొమ్మను వేళ్లతోనే చూసుకోవాలి. అందుకే చాచా ఒక్కో పూత అయ్యాక కళ్లు మూసుకుని దాన్ని తడిమేవారు. "కండ్లను మోసం చేయచ్చు పాపా, ఆయమ్మ వేళ్లను చేయలేం" అన్నారు.

ఆ రంగు ఆయన మూడు రోజులు ఎండలో కూర్చుని కలిపారు. నేరేడు పండు రంగు. ఏది ఎంత కలిపారో ఎక్కడా లేదు. కలిపిన రంగు పోసి పెట్టుకున్న టానిక్ సీసా అడుగున చెంచాడు కూడా మిగల్లేదు. రంగు పూతలన్నీ అయ్యాయి, క్లియర్ ఒక్కటే మిగిలింది. దాని మీద దుమ్ము కూర్చున్నా, మంచు పట్టినా, గీకితే కింద రంగు కూడా పోతుంది. మళ్లీ వేయడానికి రంగు లేదు, కలపడానికి ఆయన లేరు.

అనంతపురంలో పెద్ద షెడ్డు వాళ్లకు ఇచ్చెయ్యమంటాడు నాయన. "చెడిపోతే ఎవురికి జవాబు చెప్తావు?" అని ఆయన భయం. చాచీ మాత్రం నిన్న తెల్లవారి చెంబుతో నీళ్లు తెచ్చి షెడ్డు గుమ్మంలో పెట్టి వెళ్లిపోయింది. ఈసారి దెప్పలేదు.

నేను గోనెపట్టా తడిపి కట్టాను. నేల మీద నీళ్లు చిలకరించాను, చెంబుకు మించలేదు. గన్ను ఎత్తాను. భయం వేలి కొనకు వచ్చేసింది. దించేశాను.

అమ్మా, ఆ కారు మీది. ఎలా ఉందో అలా తీసుకెళ్తారా, ఇంకెవరికైనా ఇవ్వాలా, నన్నే వేయమంటారా, మీరే చెప్పాలి. వేయమంటే వేస్తాను. చెయ్యి కుదిరేదాకా పాత డబ్బాల మూతల మీద వేసి వేసి, ఆ తర్వాతే దీన్ని ముట్టుకుంటాను. గాలి లేచిందంటే మాత్రం నెలల తరబడి మా షెడ్డులో ఏ పూతా నిలవదు. వానలు రాకముందే ఇస్తానని చాచా మీకు మాట ఇచ్చారట.

ప్రస్తుతం ఆ కారు బల్ల మీద, చాచా దుమ్ము పడకుండా బోర్లించే స్టీలు గిన్నె కింద ఉంది. రోజూ ఒకసారి గిన్నె ఎత్తి చూస్తాను. మెరుపు లేని నేరేడు రంగులో కరెంటు తీగ ఇంకా కనబడదు, నా ముఖమూ కనబడదు. మళ్లీ మూసేస్తాను. జూన్ పదో తారీఖు లోపల ఈ పత్రికకు ఒక ఉత్తరం రాయండి, లేదా పంక్చర్ షాపులో మా నాయనతో ఒక్క మాట చెప్పి పోండి.