మంచిగున్న

నిన్న మొయినాబాద్‌లో మందుల దుకాణం మెట్ల మీద ఒకామె చేతిలోంచి సీసా జారి పగిలింది. గులాబీ రంగు గ్యాస్ మందు నా చెప్పుల దాకా పారింది. ఆ సోంపు వాసన నాకు తెలిసినదే. రూతమ్మ టీచర్ నా ఎదుట ఆఖరి మాట మాట్లాడినప్పుడు ఆ గదిలో ఉన్నది ఈ వాసనే.

ఆమె చేవెళ్ల బడిలో మాకు తెలుగు చెప్పారు. మాది ఒకప్పుడు నలుగురూ వచ్చి తీర్పు అడిగిన పటేళ్ల ఇల్లు. నాన్న కాలానికి భూమి పోయింది, ఇల్లూ పోయింది. కనకమామిడి వైపు మా పొలాల్లో ఇప్పుడు పట్నం వాళ్ల ఫామ్‌హౌసులున్నాయి. మేం కిరాయి గదిలోకి మారిన మరునాడు నేను తరగతిలో తల వంచుకుని కూర్చున్నాను. వెనక బెంచీ నుంచి ఎవడో "పటేల్ సాబ్‌కు కుర్సీ ఎయ్యుండ్రి" అన్నాడు. అందరూ నవ్వారు. టీచర్ నా పక్కకు వచ్చి, నాకు మాత్రమే వినబడేలా అన్నారు: "మీ తాత కుర్సీ పోయింది రాఘవా. నీ వెన్నుపూస గూడ అమ్మిండ్రా? నిటారుగ కూసో."

అప్పటి నుంచి అలాగే కూర్చుంటున్నాను.

ఎవరు పలకరించినా ఆమె జవాబు ఒక్కటే: "దేవుని దయ, మంచిగున్న." భర్తను పోగొట్టుకున్న వారం కూడా అదే అన్నారు. ఉండబట్టలేక అడిగాను, "గట్లెట్ల అంటరు టీచర్?" అని. "అడిగేటోళ్లు మర్యాదకు అడుగుతరు, మనం మర్యాదకు చెప్తం. మన కష్టాన్ని బజార్ల పరుసుకుంటమా?" అన్నారు. పరువు అంటే ఏమిటో మా ఇంట్లో ఎవరూ ఇంత తేటగా చెప్పలేదు. ఆ జవాబు నాదీ అయింది.

రిటైరయ్యాక ఒక్కరే ఉండేవారు. ఓ వానకాలం కడుపు ఉబ్బి వాంతులు మొదలైతే, రోడ్డు మీది ప్రైవేటు దవాఖానకు నేనే తీసుకెళ్లాను. డాక్టరు ఫోన్లోంచి తల ఎత్తకుండానే "గ్యాస్" అన్నాడు. సూది వేయించాడు, గులాబీ మందు రాశాడు, మంచం ఇచ్చాడు. కడుపు మీద చెయ్యి వేయలేదు. వేసి ఉంటే పాత గర్భసంచి ఆపరేషన్ కుట్లు కనబడేవి. విరేచనం అయిందా, కింది నుంచి గాలి పోతున్నదా అని అడగలేదు. మరునాటికి వాంతి ఆకుపచ్చగా మారింది. ఎక్స్‌రే తీయించమన్నాను. "ఫోన్ల చూసి డాక్టరయినవా?" అని నర్సు వైపు తిరిగి నవ్వాడు. తలుపు దగ్గరే నిలబడి, "ఏమ్మా, ఎట్లున్నది?" అన్నాడు.

టీచర్ మోచేతుల మీద లేచి, కొంగు సర్దుకుని, నిటారుగా కూర్చున్నారు. పెదవులు ఎండి పగిలి ఉన్నాయి.

"దేవుని దయ, మంచిగున్న డాక్టర్ సాబ్."

"విన్నవా?" అన్నాడు నాతో. వెళ్లిపోయాడు.

సాయంత్రానికి ఆమె స్పృహ తప్పారు. పట్నం పెద్ద దవాఖానకు తీసుకెళ్లాను. అక్కడి సర్జన్ ఆమె కడుపు మీద చెయ్యి పెట్టగానే ఆయన ముఖం మారింది. పాత ఆపరేషన్ చోట లోపల ఏర్పడిన అతుకులకు పేగు చిక్కి మూసుకుపోయిందనీ, అప్పటికే నల్లబడిందనీ ఆపరేషన్ తర్వాత చెప్పాడు. "ముందే ముట్టుకొని చూస్తే అనుమానం వచ్చేది" అన్నాడు. టీచర్ మళ్లీ కళ్లు తెరవలేదు.

భూస్థాపన అయ్యాక, గ్యాస్ అన్న ఆ డాక్టరు ముందుకు వెళ్లి నిలబడ్డాను.

"ఆమెనే మంచిగున్న అన్నది గద. నువ్వు గూడ విన్నవు."

"అది మా టీచర్ మర్యాద. నువ్వు చేసిన పరీక్ష కాదు."

"నడువు పటేలా. నీ జమానా అయిపోయింది."

మా జమానా అయిపోయిన మాట నిజమే. అతనిది మాత్రం నడుస్తోంది. అతని మీద నేనిచ్చిన ఫిర్యాదు ఏ బల్ల మీద ఉందో ఎవరూ చెప్పరు. ఆ దవాఖాన బోర్డుకు మాత్రం కొత్త లైట్లు వచ్చాయి. ఒక మనిషి మర్యాదగా అన్న మాటను అడ్డం పెట్టుకుని, తన చెయ్యి కదపని బద్ధకాన్ని దాచుకున్నవాణ్ణి నేను క్షమించలేదు, క్షమించను.

నిన్న సీసా జారవిడిచిన ఆమె సురంగల్ నుంచి వచ్చిందట. మందు భర్తకట. "పాత ఆపరేషన్ ఏమన్న ఉన్నదా అమ్మా? గాలి పోతున్నదా?" అని అడిగాను.

"పటేల్ గూడ డాక్టరయిండు" అన్నాడు దుకాణం అతను.

"ఆపరేషన్ గిట్ల ఏం లేదు. గాలా? ఇంట్ల ఎవరినీ కూసోనిస్తలేడు" అంది ఆమె. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను.

ఆమెకు ఇంకో సీసా ఇస్తూ అతను నా వైపు చూశాడు. "మీరు మంచిగున్నరా పటేలా?"

వెన్ను నిటారుగా పెట్టి చెప్పాను.

"లేను."