సైరన్ మోగినా కదలని కారు

మా అన్న మొదలుపెట్టిన కార్ల పోటీకి ఇప్పుడు కళ్యాణ్ నుంచి, ఠాణే నుంచి కూడా జనం వస్తున్నారు. అది పుట్టింది మాత్రం మా మగ్గాల ఊరి బయట మాన్కోలిలో ఒక ఖాళీ గోదాము ముందు, మగ్గాలకు సెలవున్న శుక్రవారం నాడు, మావాళ్ల నాలుగైదు పాత కార్లతో. దారి గుర్తులకు నూలు అయిపోయిన కోన్లను ఒకదాని మీద ఒకటి తొడిగి నిలబెట్టాం.

వేగంగా నడిపితే చాలదు. కోన్ల మధ్య వంకర్లు తిప్పాలి, సరుకు దించే గోదాము గట్టుకు కారును వెనక్కి తెచ్చి ఆనించాలి, బానెట్ మీద నిండు నీళ్ల లోటా తొణక్కుండా తీసుకుపోవాలి, గీత మీద ఆపాలి. అన్నింటి మార్కులూ కలిపి గెలుపు చెప్పేవాళ్లు.

మొదలు పెట్టడానికి ఎత్తిన చెయ్యి కిందికి దించేవాళ్లు. అది మగ్గాల షెడ్డులోని అలవాటు. ఆ చప్పుడులో మాట వినపడదు కాబట్టి అందరూ చేతులతోనే మాట్లాడుకుంటారు. చెయ్యి దించితే మగ్గం నడుపు అని. రెండు పిడికిళ్లు కలిపి విడదీస్తే నూలు తెగింది, ఆపు అని. మా బాపు చెవులు ఆ మగ్గాల దగ్గరే పోయాయి. చర్చికి, బజారుకు తిప్పుకునే పాత కారును ఆయన స్టీరింగ్ అదురును బట్టే నడిపేవాడు. శుక్రవారం వస్తే పొద్దున్నే కడిగి పోటీకి సిద్ధం చేసేవాడు. ఆయనకు వేరే పండుగ లేదు.

పోటీ పెరిగింది, కమిటీ వచ్చింది, గడియారానికి కలిపిన సైరన్ వచ్చింది, చెయ్యి దించడం పోయింది. బాపు వంతు రాగానే సైరన్ మోగింది. కారు కదలలేదు. ఎవరో అద్దం తట్టేదాకా ఆయన ముందుకే చూస్తూ కూర్చున్నాడు. జనం నవ్వారు. నాకు ఒళ్లు మండిపోయింది.

ఇంటికొచ్చాక అన్నను పట్టుకున్నాను. “సైరన్‌తోపాటు చెయ్యి గూడ దించితే ఏం పోతది నీకు?”

“బాపు కోసం రూల్ మార్చిండంటరు. బయటోళ్ల ముందల నా ఇజ్జత్ ఏం గావాలె?”

“ఇంట గెలిచి రచ్చ గెలవమన్నరు. నువ్వు రచ్చకాడికెల్లే షురూ చేసినవ్.”

తర్వాత అన్న బాపు ముందు కూర్చుని చేతులతో అడిగాడు, గీత దగ్గర కుర్చీ వేస్తాం, పెద్దమనిషిగా కూర్చుంటావా అని.

“బొమ్మనారా నేను, కూసోబెట్టనీకి?” అన్నాడు బాపు. “నడపనీకి వచ్చెటోణ్ణి.”

తర్వాతి పోటీలకు ఆయన రాలేదు. కానీ శుక్రవారం పొద్దున కారు కడగడం మానలేదు. కడిగి, తుడిచి, మళ్లీ కవరు కప్పేవాడు. అది చూడటం నాకు కష్టంగా ఉండేది. అన్న ఆ వైపు చూడకుండానే చెప్పులేసుకుని పోయేవాడు. ఒక శుక్రవారం మాత్రం ఆగి చూశాడు. ఆ కవరు కప్పడం మొత్తం చూశాడు.

ఆ వారమే కమిటీలో చెప్పాడట, అందరికీ సైరన్‌తోపాటు చెయ్యి కూడా దించుతాం, ఇష్టం లేకపోతే సైరనే తీసేస్తానని. ఇంటికొచ్చి బాపుకు తనే చేతులతో చెప్పాడు. శుక్రవారం బాపు కారు కడిగాడు, కవరు కప్పలేదు.

ఆ రోజు మాన్కోలిలో గాలి బాగా ఉంది. బాపు కారు గీత మీదికి వచ్చింది. దాని ముందు ఓ పక్కన నిలబడి అన్న చెయ్యి ఎత్తాడు. సైరన్ మోగింది, చెయ్యి దిగింది. కారు కదలలేదు.

కోపం తీరలేదనుకున్నాను. ఇంతమంది ముందు కొడుకు పరువు తీయడానికే వచ్చాడనిపించింది. అన్న మొహం వాడిపోయింది. మళ్లీ చెయ్యి ఎత్తి దించాడు. అప్పుడు అద్దం వెనక బాపు రెండు పిడికిళ్లు కలిపి విడదీశాడు.

నూలు తెగింది, ఆపు.

జనానికి అర్థం కాలేదు. అన్నకు అయింది. వెనక్కి తిరిగి చూస్తే దూరంగా వంపు దగ్గర కోన్లు గాలికి పడి ఉన్నాయి. పోటీకి పెద్ద, కమిటీకి పెద్ద అయినవాడు తనే అక్కడిదాకా పరుగెత్తి వాటిని ఏరి నిలబెట్టాడు. రొప్పుతూ తిరిగొచ్చి చెయ్యి ఎత్తాడు.

బాపు దాన్నే చూస్తున్నాడు. చెయ్యి దిగగానే కదిలాడు.